క్రొత్త గ్రాఫిక్సు కార్డు కొనదగునా?

తెలుగు బోధించే మేము గ్రాఫిక్సు కార్డులను గూర్చి వ్యాసము వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. అందుకు కారణమైన సంగతిని ముందుగా మనవి చేస్తాము.

2025 జూన్ నెలలో కళాశాల తెరిచిన వారములోనే డిగ్రీ రెండవ సంవత్సరము విద్యార్థి ఒకడు మా వద్దకు వచ్చినాడు. "సార్, మా అబ్బాకు మీరొక ఉత్తరము వ్రాసి ఇవ్వాలి. నేను చెబితే వినడం లేదు, మీ మాటైతే వింటారు" అన్నాడు. సంగతేమని అడుగగా, తన కంప్యూటరుకు క్రొత్త గ్రాఫిక్సు కార్డు కావలెనని, అది లేనిదే చదువు సాగదని వ్రాయమన్నాడు. అతడు కోరినది ఎన్‌విడియా సంస్థవారి ఆర్‌టిఎక్స్ 5070 కార్డు. 2025 జనవరిలో ఆ సంస్థ మన దేశమునకు ప్రకటించిన ప్రారంభ ధర 59,000 రూపాయలు. ఆ విద్యార్థి తండ్రి దర్జీ పని చేస్తారు. ఆయన చేతిలో ఉన్నది కుమార్తె ఇంటర్మీడియట్ ఫీజు కొరకు దాచిన సొమ్ము.

ఉత్తరము వ్రాయుట మాకు కష్టము కాదు. కాని మాకు తెలియని విషయమునకు మేము సంతకము పెట్టుట న్యాయము కాదనిపించినది. వారము రోజులు గడువు అడిగినాము. కంప్యూటరు శాఖలోని మిత్రుల సహాయముతో విషయమును చదివినాము. ఆ విద్యార్థి ఇంటికి వెళ్ళి అతని కంప్యూటరును పరిశీలించినాము. ఆ వారములో మేము నేర్చుకొన్న పాఠమును, ఇటువంటి కోరికే మనసులో ఉన్న ఇతర విద్యార్థులకు, ప్రయోగశాల కొనుగోళ్ళను నిర్ణయించే కళాశాల కమిటీ పెద్దలకు ఉపయోగపడునని ఇక్కడ పొందుపరుస్తున్నాము.

కార్డు చేయు పని

కంప్యూటరు తెర పిక్సెళ్ళు అను చిన్న చిన్న చుక్కలతో ఏర్పడినది. సాధారణముగా మన ఇళ్ళలో ఉండే తెరపై అడ్డముగా 1,920, నిలువుగా 1,080, వెరసి 20,73,600 చుక్కలు ఉంటవి. 4కె అని పిలిచే తెరపై 82,94,400 చుక్కలు, అనగా సరిగా నాలుగు రెట్లు. కదిలే బొమ్మ సాఫీగా కనిపించుటకు ఈ చుక్కలన్నిటికి సెకనుకు 60 సార్లు రంగు నిర్ణయించవలెను. ఒక్కొక్క బొమ్మకు దొరికే వ్యవధి సెకనులో అరవైయవ వంతు, అనగా సుమారు 16.7 మిల్లీ సెకన్లు మాత్రమే.

కంప్యూటరులోని ప్రధాన ప్రాసెసరు కొద్దిమంది నిపుణులు కూర్చున్న కార్యాలయము వంటిది. గ్రాఫిక్సు ప్రాసెసరు వేలమంది కూలీలు ఒకేసారి దిగి నాట్లు వేసే పొలము వంటిది. ఒక్కొక్కరు చేసేది చిన్న పని. అందరు కలిసి చేయుటలోనే దాని బలమున్నది. 1999లో వచ్చిన జిఫోర్స్ 256 కార్డుతో ఎన్‌విడియా సంస్థ "జి.పి.యు." అను పేరును ప్రచారములోనికి తెచ్చినది. 2007లో ఆ సంస్థ కుడా అను సాధనమును విడుదల చేసిన పిమ్మట బొమ్మలతో సంబంధము లేని శాస్త్ర గణనలను కూడ ఈ కార్డులపై చేయుట సులభమైనది. నేటి కృత్రిమ మేధకు ఆధారము ఈ గణనలే. 2025లో వెలువడిన ఆర్‌టిఎక్స్ 5090 కార్డులో 21,760 గణన విభాగములు, సుమారు 9,200 కోట్ల ట్రాన్సిస్టర్లు ఉన్నవి. మన దేశమునకు ప్రకటించిన దాని ప్రారంభ ధర 2,14,000 రూపాయలు.

ఇంత శక్తి కలది చెడ్డ వస్తువు కానేరదు. ప్రశ్న అది కాదు. ఆ శక్తికి మన ఇంట పని ఉన్నదా అన్నదే ప్రశ్న.

ఆలస్యము ఎక్కడ జరుగుతున్నది?

ఆదివారమునాడు మేము ఆ విద్యార్థి తండ్రి దుకాణమునకు వెళ్ళినాము. కార్డును గూర్చి చెప్పబోయి, ఆయనకు తెలిసిన పనితోనే మొదలుపెట్టినాము. ఒక చొక్కా తయారగుటకు బట్ట కత్తిరించుటకు ఒక గంట, మిషనుపై కుట్టుటకు ఒక గంట, కాజాలు, గుండీలు, ఇస్త్రీకి ఒక గంట, మొత్తము మూడు గంటలు పడుతుందనుకొందాము. కుట్టు మిషనును రెండింతల వేగము గల దానితో మార్చితే ఏమగునని అడిగినాము.

ఆయన నవ్వి, "మిషను రెండింతలు ఉరికితే చొక్కాలు రెండింతలు కావు సార్. అరగంట మిగులుతుంది, అంతే. కత్తెర పని, కాజా పని ఎక్కడికి పోతుంది?" అన్నారు.

ఈ సత్యమునే 1967లో జీన్ ఆమ్‌డాల్ అను అమెరికా కంప్యూటరు నిపుణుడు ప్రతిపాదించినాడు. ఆమ్‌డాల్ సూత్రమను పేరుతో కంప్యూటరు విద్యార్థులందరు దానిని చదువుతారు. ఒక పనిలో ఒక భాగమును మాత్రమే వేగవంతము చేసినప్పుడు, మొత్తము పనికి కలిగే లాభము ఆ భాగము తీసుకొనే కాలమును బట్టి ఉంటుంది. మన దర్జీ లెక్కలో మిషను రెండింతలైతే మూడు గంటలు రెండున్నర గంటలగును. మిషను కంటిరెప్ప పాటులో కుట్టివేసినను తక్కిన రెండు గంటలు తప్పవు. పరీక్ష కొరకు ఈ సూత్రమును కంఠస్థము చేసే విద్యార్థి, తన సొంత సొమ్మును వెచ్చించే వేళ దానిని మరచుట విచారకరము.

కావున కార్డు కొనుటకు ముందు చేయవలసిన మొదటి పని, ఆలస్యము ఎక్కడ జరుగుతున్నదో కనుగొనుట. అందుకు ఖర్చేమీ లేదు. విండోస్ కంప్యూటరులో టాస్క్ మేనేజరును తెరిచి, మనము నిత్యము చేసే పనినే చేస్తూ అంకెలను గమనించవలెను. గ్రాఫిక్సు కార్డు నూటికి తొంబదియైదు వంతులకు మించి నిలకడగా శ్రమిస్తున్నచో అడ్డంకి కార్డే. కార్డు నలుబది, ఏబది వంతుల వద్ద ఉండి, ప్రాసెసరుగాని, మెమరీగాని, డిస్కుగాని పూర్తిగా నిండి ఉన్నచో కార్డును మార్చి ప్రయోజనము లేదు. ఒక హెచ్చరిక: త్రిమితీయ బొమ్మలను తయారుచేసే కొన్ని సాఫ్ట్‌వేర్లలో కార్డు శ్రమ మామూలు రేఖాచిత్రములో కనిపించదు, కుడా లేక కంప్యూట్ అను రేఖాచిత్రమును ఎంచుకొని చూడవలెను.

ఆ విద్యార్థి కంప్యూటరులో ఉన్నది 2016 నాటి జిటిఎక్స్ 1060 కార్డు, 6 జి.బి. మెమరీ కలది. ప్రధాన మెమరీ 8 జి.బి.; పాత హార్డ్ డిస్కు. అతడు పెళ్ళి వీడియోలను కూర్చి కొంత సంపాదిస్తున్నాడు. ఆ పనిని మా ఎదుట చేయించి చూచినాము. మెమరీ నిండిపోయినది. డిస్కు క్షణము తీరిక లేకుండ తిరుగుతున్నది. ఏ కార్డును మార్చవలెనని అతడు కోరుతున్నాడో ఆ కార్డు మాత్రము సగము కూడ పని చేయుట లేదు.

పేర్లు, అంకెలు, ప్రకటనలు

రెండవ పరీక్ష, ప్రకటనలో చెప్పిన లాభములో నిజమైనదెంత అన్నది. 2025 జనవరిలో లాస్ వేగాస్ నగర ప్రదర్శనలో ఎన్‌విడియా అధిపతి జెన్సన్ హువాంగ్, 549 డాలర్ల 5070 కార్డు అంతకు ముందు తరమునకు చెందిన 1,599 డాలర్ల 4090 కార్డుతో సమానమైన పని ఇస్తుందని చెప్పినారు. ఇది కృత్రిమ మేధ వలననే సాధ్యమని కూడ అన్నారు. ఆ రెండవ మాటలోనే కిటుకు ఉన్నది. క్రొత్త కార్డులు నిజముగా లెక్కించిన ఒక్కొక్క బొమ్మకు తోడు మూడు వరకు ఊహా చిత్రములను చేర్చగలవు. సెకనుకు 30 నిజమైన బొమ్మలు ఉన్నచో తెరపై 120 కనిపిస్తవి. కంటికి సాఫీగా ఉంటుంది. కాని ఆటగాని చేతి కదలికకు కంప్యూటరు స్పందించుట ఆ 30 బొమ్మల వేగముననే జరుగుతుంది. శేరు పాలలో మూడు శేర్ల నీళ్ళు కలిపితే నాలుగు గిన్నెలు నిండుతవి గాని నాలుగు శేర్ల పాలు కావు. అసలు పాలు చిక్కగా ఉన్నప్పుడు కొద్ది నీళ్ళు కలిపినను ఇబ్బంది లేదు. అనగా నిజమైన బొమ్మలే సెకనుకు 60కి మించి ఉన్నచో ఈ సౌకర్యము మేలే చేస్తుంది. పలుచని పాలకు మాత్రము అది మందు కాదు.

ఊహా చిత్రములను ప్రక్కన పెట్టి అసలు అంకెలను చూతము. 4090 కార్డులో 16,384 గణన విభాగములు ఉండగా 5090లో 21,760 ఉన్నవి. పెరుగుదల సుమారు 33 శాతము. విద్యుత్తు 450 వాట్ల నుండి 575 వాట్లకు, సుమారు 28 శాతము పెరిగినది. ధర 1,599 డాలర్ల నుండి 1,999 డాలర్లకు, 25 శాతము పెరిగినది. పని ఎంత పెరిగినదో, ధర, విద్యుత్తు దాదాపు అంతే పెరిగినవి. నిన్నటి పెద్ద కార్డు ఉన్నవాడు నేటి పెద్ద కార్డుకు మారుట అవసరము కంటె ముచ్చటకే చెల్లును.

పేర్లు కూడ మోసగించగలవు. 2022 సెప్టెంబరులో 4080 అను ఒకే పేరుతో రెండు కార్డులు ప్రకటింపబడినవి. ఒకటి 16 జి.బి., రెండవది 12 జి.బి. తేడా మెమరీలో మాత్రమే కాదు, గణన విభాగములు కూడ 9,728కి బదులు 7,680 మాత్రమే. విమర్శలు రాగా అక్టోబరులో రెండవ దానిని ఉపసంహరించుకొని, 2023 జనవరిలో 4070 టిఐ అను పేరుతో, 100 డాలర్లు తగ్గించి విడుదల చేసినారు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 5060 టిఐ కూడ 8 జి.బి.తో 379 డాలర్లకు, 16 జి.బి.తో 429 డాలర్లకు, ఒకే పేరుతో విడుదలైనది. పెట్టెపై ఉన్న పెద్ద అక్షరములను చదువుట చాలదు. చిన్న అక్షరములను కూడ చదువవలెను.

ఖర్చు లెక్క

మూడవ పరీక్ష పూర్తి ఖర్చును లెక్కించుట. ఆ విద్యార్థి కంప్యూటరులోని పవర్ సప్లై 450 వాట్లది. 5070 కార్డుకు కనీసము 650 వాట్లది కావలెనని తయారీదారులే చెబుతున్నారు. కావున దానిని కూడ మార్చవలసి ఉంటుంది. అతని తెర పాతది, 1,080 గీతలది. అంతకంటె ఎక్కువ చుక్కలు గల తెర కొరకు ఉద్దేశింపబడిన శక్తిని దానిపై ఖర్చు చేయుట దండుగ. విద్యుత్తు లెక్క చూచినచో, పాత కార్డు గరిష్ఠముగా 120 వాట్లు, క్రొత్తది 250 వాట్లు తీసుకొనును. రోజుకు నాలుగు గంటలు పూర్తి వేగముతో నడిపితే, నెలకు అదనముగా 15.6 యూనిట్లు. ఇది చిన్న అంకెయే. ఐనను శ్లాబు దాటే ఇంటికి బిల్లులో తెలిసివస్తుంది.

ధరను ఒక్క మొత్తముగా గాక సంవత్సరములపై పరచి చూచుట మంచిది. 59,000 రూపాయల కార్డును నాలుగు సంవత్సరములు వాడి, చివరకు 19,000కు అమ్మగలిగితే, నికర ఖర్చు 40,000, సంవత్సరమునకు 10,000. రోజుకొక గంట వాడువానికి గంటకు సుమారు 27 రూపాయలు. ఆ గంటలో అంతకు మించిన సంపాదనగాని, విద్యగాని లభిస్తున్నచో ఆ ఖర్చు ఖర్చు కాదు, పెట్టుబడి. లభించనిచో అది వినోదము. వినోదము తప్పు కాదు. కాని దానికి వినోదమనే పేరు పెట్టవలెను. చదువు అని పేరు పెట్టి తండ్రిని అడుగరాదు.

ఎవరికి కొనదగును?

ఇంతవరకు చెప్పిన దానిని బట్టి క్రొత్త కార్డు ఎవరికీ అక్కరలేదని మేము వాదిస్తున్నామని అనుకొనరాదు. పాత వస్తువును పట్టుకొని వేలాడుట కూడ ఒక్కొక్కప్పుడు నష్టమే. 2016 నాటి పాస్కల్ తరగతి కార్డులకు క్రొత్త ఆటలకు అనుగుణమైన డ్రైవర్లు ఇచ్చుటను ఎన్‌విడియా 2025 అక్టోబరుతో ముగించినది. భద్రతా సవరణలు మాత్రము 2028 అక్టోబరు వరకు ఇస్తామని చెప్పినది. కాంతి కిరణముల గతిని లెక్కించు ప్రత్యేక విభాగములు లేని కార్డులపై 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆట, 2025 మేలో వచ్చిన డూమ్ ఆట నడువవు. త్రిమితీయ చిత్రములను తయారుచేసి జీతమో, కూలియో సంపాదించేవారికి, గంట పని పావుగంటకు దిగితే ఆ కార్డు తన ధరను తానే తిరిగి తెస్తుంది.

కృత్రిమ మేధ అభ్యసించువారికి వేగము కంటె మెమరీ ముఖ్యము. 700 కోట్ల పరామితులు గల భాషా నమూనాను, పరామితికి రెండు బైట్ల చొప్పున పెట్టుటకే 14 జి.బి. కావలెను. 8 జి.బి. కార్డు ఎంత వేగముగలదైనను అందులో అది పట్టదు. పరామితికి సగము బైటు చొప్పున కుదించినచో 3.5 జి.బి.లో ఇముడుతుంది, అప్పుడు నాణ్యత కొంత తగ్గుతుంది. కావున ఇటువంటివారు ఖరీదైన 12 జి.బి. కార్డు కంటె చవకైన 16 జి.బి. కార్డునే ఎంచుకొనుట ఒక్కొక్కప్పుడు తెలివైన పని. ఒక్క సంస్థనే చూడనవసరము కూడ లేదు. ఎ.ఎం.డి. వారి 16 జి.బి. కార్డు ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టి 2025 మార్చిలో 599 డాలర్లకు, ఇంటెల్ వారి 12 జి.బి. కార్డు బి580 2024 డిసెంబరులో 249 డాలర్లకు వచ్చినవి. ఐతే బి580 పాత ప్రాసెసర్లతో కలిసి తన పూర్తి శక్తిని చూపలేదు. వాడదలచిన సాఫ్ట్‌వేరు ఏ కార్డుపై నడుచునో కూడ ముందుగా తెలిసికొనవలెను.

కమిటీ పెద్దలకు మనవి

మన ప్రయోగశాలలో జరిగే పనులు ప్రోగ్రాములు వ్రాయుట, లెక్కల ఖాతాలు, ఉర్దూ, తెలుగు అక్షర కూర్పు. ఈ సంచికలో కుడి నుండి ఎడమకు సాగే పుటలకైనను, ఎడమ నుండి కుడికి సాగే పుటలకైనను ప్రాసెసరులోనే అంతర్భాగముగా ఉండే గ్రాఫిక్సు చాలును. ప్రతి కంప్యూటరుకు ఖరీదైన కార్డు అమర్చుట కంటె, అందరికి చాలినంత మెమరీ, ఎస్.ఎస్.డి. సమకూర్చి, చివరి సంవత్సరము ప్రాజెక్టుల కొరకు 16 జి.బి. కార్డు గల కంప్యూటరును ఒక్కటి ఉంచి, వంతుల పట్టిక ప్రకారము విద్యార్థులకు ఇచ్చుట మేలని మా అభిప్రాయము. ఇంటిలో కార్డు కొనలేని విద్యార్థినీ విద్యార్థులకు ఆ ఒక్క యంత్రము పెద్ద ఆసరా కాగలదు. అది వచ్చువరకు గూగుల్ కొలాబ్, కాగుల్ వంటివి పరిమితముగా ఉచితముగా ఇచ్చే గ్రాఫిక్సు ప్రాసెసరు గంటలను వాడుట ఎట్లో నేర్పుట మన బాధ్యత.

ముగింపు

మంచమున్నంత వరకే కాళ్ళు చాచుకోవాలని తెలుగువారంటారు. దుప్పటిని చూచి కాళ్ళు చాచమని ఉర్దూ వారంటారు. రెండు భాషలు మంచమును, దుప్పటిని కొలువమన్నవి. మన కాళ్ళ పొడవెంతో కూడ కొలుచుకోవలెనని మేము ఈ వారములో తెలిసికొన్నాము. స్తోమత ఎంత అన్నది ఒక కొలత. అవసరము ఎంత అన్నది రెండవ కొలత. రెండూ కొలువకుండ ఇచ్చిన తీర్పు పిసినారితనమైనను కావచ్చును, దుబారా ఐనను కావచ్చును.

చివరకు ఆ విద్యార్థి కోరినట్లే అతని తండ్రిగారికి ఉత్తరము వ్రాసినాము. "మీ అబ్బాయి అడిగిన కార్డు మంచిదే. ఈ సంవత్సరము అతని పనికి దానితో అవసరము లేదు. మెమరీ 16 జి.బి.కి పెంచి, ఎస్.ఎస్.డి. ఒకటి వేయించండి. అమ్మాయి ఫీజు ముందు కట్టండి" అన్నది దాని సారాంశము. ఆ రెండు భాగములకు కార్డు ధరలో చిన్న వంతు మాత్రమే ఐనది. ఆ సంవత్సరము చివరి నెలలలో మెమరీ చిప్పుల ధరలు బాగుగా పెరిగినవి. కావున మా సలహాను ఎవరైనను అనుసరింపదలచినచో ఆనాటి ధరను ఆనాడే విచారించుకొనవలెను. పద్ధతి నిలుచును గాని ధర నిలువదు.

ఆ విద్యార్థి కొన్నాళ్ళు మాతో ముభావముగా ఉన్నాడు. క్రొత్త ఆటలు అతని కంప్యూటరుపై నేటికీ నడువవు. ఆ లోటు నిజమైనదే, మేము కాదనలేదు. డిసెంబరులో ఒకనాడు తరగతి ముగిసిన పిమ్మట వచ్చి ఒక చిన్న లెక్కల పుస్తకమును మా బల్లపై పెట్టినాడు. పెళ్ళి వీడియోల ద్వారా వచ్చిన సొమ్ము, ఖర్చు, నిలువ, తేదీలతో సహా వ్రాసి ఉన్నవి. చివరి పుటలో ఒక కార్డు పేరు, దాని మెమరీ, కావలసిన వాట్లు వ్రాసి, క్రింద గీత గీసి ఉంచినాడు. అది 5070 కాదు. అంతకంటె చవకైనది, 16 జి.బి.ది.

"ఇంకా సగము కావాలి సార్. ఉత్తరము అక్కరలేదు" అన్నాడు.